వంజరం నోట్లో పోగులు

మా అక్క కూతురికి ఆరేళ్లు నిండినా చెవులు కుట్టలేదు. ఇంకెక్కడైనా ఇదొక విషయమే కాకపోవచ్చు. భోగాపురం నుంచి సముద్రం వైపు ఆటోలో వెళ్తే, రోడ్డు అలిసిపోయి ఇసుకైపోయే చోట మా ఊరు ఉంటుంది. అక్కడ ఆడపిల్లకి ఏడాది నిండేలోపే చెవులు కుట్టించేస్తారు. పిల్లకి సొంత అభిప్రాయాలు రాకముందే పని పూర్తవ్వాలన్నది పెద్దల ముందుచూపు. మా మేనకోడలి దగ్గర ఆ ముందుచూపు పనిచెయ్యలేదు. మొదటి ఏడాది దానికి జ్వరం. రెండో ఏడాది వాళ్ల నాన్న, అంటే మా బావ, గుజరాత్‌లో వెరావల్ రేవు చేపల బోట్ల మీద ఉండిపోయాడు. మూడో ఏటికి పిల్లకి మాటలొచ్చేశాయి. మాటలతో పాటు పళ్లు కూడా.

మొదటి ప్రయత్నం రామతీర్థంలో జరిగింది. పుట్టెంట్రుకలు తీయించే రోజే చెవులు కూడా కానిచ్చేద్దామనుకున్నారు. గుండు అయ్యేదాకా బుద్ధిగా కూర్చుంది. చెవి దగ్గరికి చెయ్యి రాగానే, గుండుకి పూసిన గంధం ఆరకముందే, కొండ మెట్ల వైపు పరుగు తీసింది. పట్టుకునేసరికి ముహూర్తం దాటిపోయింది. మా అమ్మ చెప్పు కూడా ఒకటి పోయింది. ఆ చెప్పు గురించి ఇప్పటికీ మా ఇంట్లో మాట వస్తూనే ఉంటుంది.

రెండో ప్రయత్నం కొత్తవలసలో. రైళ్లు చూపిస్తామని తీసుకెళ్లారు. జంక్షను కాబట్టి రైళ్లకేం లోటు లేదు, కిరండూల్ వైపు పోయే గూడ్సు బళ్లు రెండు నిజంగానే చూపించారు. ఆ తర్వాత బజార్లో కంసాలి కొట్టు చూపించారు. ముగ్గురు పిల్లని పట్టుకున్నారు. కంసాలి చెవి పట్టుకున్నాడు. పిల్ల కంసాలి బొటనవేలు పట్టుకుంది, పళ్లతో. ఆ రోజు నుంచి మా మేనకోడలు రైలు వైపు కన్నెత్తి చూడలేదు. టీవీలో రైలు కనిపించినా లేచి వెళ్లిపోయేది.

పెద్దవాళ్లు ‘రామ్మా, అది చూపిస్తాం’ అన్నారంటే వాళ్లు చూపించబోయేది ఇంకేదో అని దానికి అప్పుడే అర్థమైపోయింది. ఈ జ్ఞానం నాకు ఇంజనీరింగు ఎంట్రన్సు కోచింగులో చేరాక గానీ రాలేదు. ఇంట్లో ఇక అది ఎవరి మాటా నమ్మేది కాదు, నా మాట తప్ప.

నన్ను నమ్మడానికి కారణం నా మ్యాజిక్కు అని నేను అనుకునేవాణ్ని. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం మాత్రం మొదలవ్వలేదు. ఫోన్లో నెట్టు ఊరికే ఇచ్చిన కాలం అది. ఊళ్లో మిగతా కుర్రాళ్లందరూ సినిమాలు దింపుకుంటుంటే నేను మ్యాజిక్కు వీడియోలు చూశాను. ఆరు నెలల్లో నాలుగు ట్రిక్కులు నేర్చుకున్నాను. అందులో మూడు నాకే కుదిరేవి కావు. నాలుగోది వేరుశనగ గింజ మాయం చెయ్యడం. మా మేనకోడలు ప్రతిసారీ కళ్లు ఇంతింత చేసుకుని చూసి, ‘మల్లీ సెయ్యి మావయ్యా’ అనేది. కళాకారుడికి ఇంతకన్నా ఏం కావాలి?

మా అమ్మ అభిప్రాయం వేరు. “డిగ్రీ సదివి గింజలు మాయం సేస్తన్నాడు. కంచంలో కూడు మాయం సెయ్యడం సిన్నప్పుడే వచ్చు ఈడికి,” అని వీధిలో అందరికీ చెప్పేది.

ఆ చలికాలం బావ తన తమ్ముడి పెళ్లికని వెరావల్ నుంచి పదిరోజుల సెలవు మీద వచ్చాడు. వెళ్లేలోపు చెవులు కుట్టించెయ్యాలని అక్క పట్టు పట్టింది. మళ్లీ బావ ఊరు రావాలంటే ఎండాకాలం రావాలి. తండ్రి లేకుండా ఈ పని చెయ్యించడం అక్కకి ఇష్టం లేదు. బావ తిరుగు టిక్కెట్టు సోమవారానికి ఉంది, అందుకని ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో అనుకున్నారు. ఆ పని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెయ్యాలి. పోగులు కూడా మేనమామే పెట్టాలి. అంటే రెండు పనులూ నావే.

ముందురోజు మధ్యాహ్నం మేనకోడలు నా దగ్గరికి వచ్చింది. కబురు దానికి ఎలా తెలిసిందో తెలీదు. చెవులున్న పిల్లే కదా.

“మావయ్యా, నీ ఒళ్లో కూకోబెట్టి కుట్టీస్తారట?”

“అవును.”

“నువ్వు నన్ను పట్టుకుంటావేటి?”

“పట్టుకోను.”

“పట్టుకోకపోతే నాను పారిపోతాను.”

“పారిపో. పట్టుకోనన్నానంటే పట్టుకోను.”

అది కాసేపు ఆలోచించింది. నేనిలా వెంటనే ఒప్పేసుకుంటానని అనుకోలేదు. పారిపోవడానికి ఎవరూ అడ్డం లేకపోతే పారిపోవడంలో సరదా ఉండదు.

“పోనీ, నీకు మాజిక్కు వచ్చు కదా,” అంది. “సముద్రంలోంచి సేప వచ్చి పోగులు తెచ్చిచ్చిందనుకో, అప్పుడు కుట్టించుకుంటాను.”

“తేకపోతే?”

“తేకపోతే ఎవుళూ నా సెవి ముట్టుకోకూడదు. నువ్వే అడ్డుకోవాల.”

దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఎందుకేశానంటే, నేను చూసిన వీడియోల్లో ఒకాయన జనం దగ్గర ఉంగరం తీసుకుని నిమ్మకాయలోంచి తీస్తాడు. నిమ్మకాయకి బదులు చేప పెడితే ఏం? మా ఊళ్లో నిమ్మకాయ కోసం ఆటో ఎక్కాలి. చేప గుమ్మంలోకే వస్తుంది.

ఈ సంగతి అక్కకి చెప్తే నెత్తి బాదుకుంది. “ఒరే, ఈసారి కూడా మోసం సేసేమంటే గుంట ఇంక మనల్ని జన్మలో నమ్మదు. నాకు సెవులు కాదురా ముఖ్యం.”

“మోసం కాదక్కా. మ్యాజిక్కు.”

“రెండూ ఒకటే కదేటి?” అంది. మా అక్క పదో తరగతితో ఆపేసింది గానీ, ఆపాల్సిన మనిషి కాదు.

సాయంత్రం పని మొదలుపెట్టాను. బంగారం పోగులు అమ్మ అప్పటికే చేయించి ఉంచింది. అచ్చం అలాగే ఉండే గిల్టు పోగులు భోగాపురం ఫ్యాన్సీ షాపులో దొరికాయి. ట్రిక్కు చాలా సులువు. అందరికీ గిల్టువి చూపించి మాయం చెయ్యాలి, అసలువి చేప నోట్లోంచి తియ్యాలి. మధ్యాహ్నం వలలో పడిన వంజరం ఒకటి తీసుకున్నాను. రెండు పోగుల్నీ దారంతో కట్టి, నోట్లోంచి లోపలికి తోసి, మళ్లీ తీసి, మళ్లీ తోసి, సాధన చేశాను. వంజరం పళ్లు రంపంలా ఉంటాయి, చచ్చాక కూడా వాటికి పౌరుషం తగ్గదు. నాలుగు వేళ్లు గీసుకున్నాయి. రెండు గంటల సాధన తర్వాత పోగులు లోపలే ఉంచి, చేపని ఐసులో, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పెరట్లో గోనె కప్పాను.

“అమ్మా, ఆ పెట్టెలో చేప రేపటి మ్యాజిక్కుకి. ముట్టుకోకు,” అని మాత్రం చెప్పాను. లోపల ఏముందో చెప్పలేదు. మెజీషియన్ తన రహస్యం కన్నతల్లికి కూడా చెప్పకూడదని ఫోన్లో ఆ నిమ్మకాయ ఆయన అన్నాడు. ఆయన తల్లి మార్కెట్టులో చేపలమ్మి ఉండదు.

మా అమ్మ పాతికేళ్లుగా విజయనగరంలో చేపలమ్ముతోంది. మొప్ప ఎత్తి చూడకుండానే, దూరం నుంచి కన్ను చూసి చేప ఎప్పటిదో చెప్పేస్తుంది. ఆవిడ గంపలో మెత్తబడిన చేప కనిపించిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మెత్తబడిందంటే అది ఉప్పులోకి పోవాల్సిందే. ఆ విషయంలో ఆవిడకి దయా దాక్షిణ్యం లేవు. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఈ ఒక్క సంగతే ఆ సాయంత్రం మర్చిపోయాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా అక్క అత్తవారి తరఫు వాళ్లు పాతికమంది దాకా దిగారు. పెరట్లో టార్పాలిన్ పరిచాం. కంసాలి తాత భోగాపురం నుంచి చిన్న పెట్టె పట్టుకుని వచ్చి, కూర్చోకముందే నన్ను పక్కకి పిలిచాడు.

“బాబూ, గుంట కరుస్తాదని ఇన్నాను. నిజవేనా?”

“అది మూడేళ్లప్పుడు తాతా. ఇప్పుడు ఆరేళ్లు.”

“అంటే పళ్లు పెరిగుంటాయి,” అన్నాడాయన, ఏ ఆశా లేకుండా.

నేను నాకున్న ఒక్క నల్లచొక్కా వేసుకుని మధ్యలో నిలబడ్డాను. మేనకోడలు పట్టు పరికిణీలో, నాకు ఎదురుగా, నా ఒడికి మాత్రం బాగా దూరంగా కూర్చుంది. షరతు ఇంకా తీరలేదు కదా. దాని వెనక బావ, పారిపోతే పట్టుకునేటంత దగ్గరలో, అలా కనిపించకుండా ఉండేటంత దూరంలో కూర్చున్నాడు.

గిల్టు పోగులు అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను. గుప్పిట మూశాను. “అదిగో, ఆ కాకిని చూడండి!” అన్నాను. పాతికమంది కాకిని చూశారు. గుప్పిట విప్పాను. పోగులు లేవు. చప్పట్లు కొట్టారు. ఒకావిడ కాకి ఎత్తుకుపోయిందేమోనని ఇంకా పైకే చూస్తోంది. ఇంత బాగా నాకు ఎప్పుడూ కుదరలేదు. ఇక్కడితో ఆపేసి ఉంటే ఇవాళ రాయడానికేమీ ఉండేది కాదు.

“పోగులు సముద్రంలోకి వెళ్లిపోయాయి,” అని ప్రకటించాను. “వాటిని తేవడానికి ఒకరు వచ్చారు.”

పెట్టె తెచ్చి, మూత తీసి, వంజరాన్ని తోక పట్టుకుని పైకెత్తాను. జనం ‘అబ్బ’ అన్నారు. నేను మనసులో ‘అమ్మ’ అన్నాను.

అది నా చేప కాదు. కళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. మొప్పల కింద ఎర్రగా నెత్తురు. ఒళ్లు గట్టిగా, వెండి పళ్లెంలా ఉంది. నా చేప రాత్రికే కళ్లు లోపలికి పోయి, నేను ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉంటానో అలా ఉంది.

అయినా నోట్లో చెయ్యి పెట్టాను. మనిషికి ఆశ చావదు. లోపల పళ్లు తప్ప ఏమీ లేవు. ఇంకో వేలు గీసుకుంది.

ఎవరూ నన్ను చూడటం లేదు, అదొక్కటే అదృష్టం. వచ్చినవాళ్లందరూ చేపల మనుషులు. మంచి చేప కనిపిస్తే ఇంకోటి చూడలేరు.

“ఓలమ్మో, ఎంత బాగున్నాదో!” అంది బావ వాళ్ల పెద్దమ్మ. “పొద్దున్న వలలోదేనా?”

“ఏ లోతులో పడ్డాదిరా బామ్మర్దీ?” అన్నాడు బావ, ముందుకి వంగి. “ఇటు తే, ఒకపాలి పట్టుకుంటాను.”

“బావా, ఇది మ్యాజిక్కు.”

“మాజిక్కే. ఈ సలిలో ఇంత వంజరం పడ్డాదంటే మాజిక్కు కాక ఇంకేటి?”

తప్పు జరిగితే ఆగకు, నవ్వు, నువ్వు చెయ్యాలనుకున్నది అదేనన్నట్టు ముందుకి సాగిపో అని ఫోన్లో ఆయన చెప్పాడు. నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో మేనకోడలి ముఖంలో కనిపించింది. అది కనుబొమలు దగ్గరికి తెచ్చి నన్నే చూస్తోంది. ఆ పాతికమందిలో చేపని చూడని మనిషి అదొక్కతే.

చేప నోటి దగ్గర చెవి పెట్టాను. “ఏమంటున్నావు? నువ్వు కాదా? పోగులు మీ అక్క దగ్గర ఉన్నాయా? మరి మీ అక్క ఏది? రాత్రి ఈ పెట్టెలోనే పడుకుంది కదా?” అన్నాను. ఆఖరి మాట గట్టిగా, పొయ్యి దగ్గర ఉన్న మా అమ్మకి వినిపించేలా అన్నాను.

చేప జవాబు చెప్పలేదు. పొయ్యి దగ్గర నుంచి జవాబు వచ్చింది.

“దాన్ని ఉప్పులో ఏసీసి, తాజాది ఎట్టీసేనురా! నిన్నటి సేప, కళ్లు పీక్కుపోనాయి. నలుగురు వచ్చిన కాడ దాన్ని పైకెత్తి సూపిస్తావేటి, నా పరువు తియ్యడానికి?”

“ముట్టుకోవద్దన్నాను కదా?” అన్నాను చేపతో.

“ముట్టుకోనేదురా, తోక పట్టుకొని తీసీసేను,” అంది అమ్మ.

మేనకోడలు ఇటు చేపనీ అటు అమ్మమ్మనీ చూసింది. “మావయ్యా, సేపకి బదులు అమ్మమ్మ ఎందుకు మాటాడతన్నాది?”

“చేపకి తెలుగు రాదు. అమ్మమ్మకి చేపల భాష వచ్చు. పాతికేళ్ల అనుభవం.”

జనం నవ్వారు. మా అమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసింది, నా గీసుకున్న వేళ్లని చూసింది, ఖాళీగా ఉన్న నా చేతిని చూసింది. చేప వయసు కనిపెట్టినంత వేగంగా సంగతి కనిపెట్టేసింది. ఆవిడ ముఖం ఒక్క క్షణం ఉప్పు కన్నా తెల్లగా అయింది. ఆ బంగారం పోగులు చేయించిన మనిషి ఆవిడే కదా.

తేరుకుని, ఎవరూ అడక్కుండానే, గొంతు మార్చి చెప్పింది. “సేప ఏటంతన్నాదంటే, అందరూ ఎనక ఉప్పు తొట్టి కాడికి రండీ అంతన్నాది.”

పాతికేళ్లుగా మెత్తబడిన చేపని గంపలో పెట్టని మనిషి, కొడుకు కోసం మెత్తబడిన అబద్ధం ఒకటి ఆడింది. ఫోన్లో ఆయనకి నిజంగా మా అమ్మలాంటి అమ్మ లేదు.

అందరం తొట్టి దగ్గరికి ఊరేగింపుగా వెళ్లాం. ముందు అమ్మ, గరిటెతో. వెనక నేను, తాజా వంజరాన్ని చంకలో పెట్టుకుని. ఆ వెనక పాతికమంది. చివర కంసాలి తాత, పెట్టె గుండెకి హత్తుకుని. మేనకోడలు మాత్రం నడవలేదు, పరిగెత్తి అందరికన్నా ముందు వెళ్లి తొట్టి గట్టు పట్టుకుని నిలబడింది.

సిమెంటు తొట్టిలో ఉప్పు కింద ఎన్నో చేపలున్నాయి. అమ్మ పొద్దున్నే హడావుడిలో నా వంజరాన్ని కొయ్యకుండా, అలాగే ఉప్పు చల్లి పడేసింది, జనం వెళ్లాక కోద్దామని. ఆ హడావుడికి ఇప్పటికీ దండం పెడతాను. మొదట తీసింది వేరే చేప. రెండోదాని నోట్లో వేలు పెట్టగానే దారం తగిలింది. లాగాను. ఉప్పు రాలుతూ రెండు బంగారం పోగులు బయటికి వచ్చాయి, ఎండలో తళుక్కుమన్నాయి. జనం కేక వేశారు. బావ ఈల వేశాడు. బావ వాళ్ల పెద్దమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, చేపకో నాకో తెలీదు.

“చూశావా?” అన్నాను మేనకోడలితో, చొక్కా సర్దుకుంటూ. “చేప తెచ్చింది.”

అది పోగుల్ని చూడలేదు. చేప పొట్ట మీద వేలితో నొక్కింది. సొట్ట పడింది, పడినట్టే ఉండిపోయింది. మళ్లీ నొక్కింది. అమ్మమ్మ మార్కెట్టులో ఎలా చేస్తుందో అచ్చం అలాగే.

“ఇది నిన్నటి సేప,” అంది.

“అయితే?”

“నిన్నటినించీ మనింట్లోనే ఉన్నాది. ఇవాళ సముద్రంలోంచి రానేదు.” దారం పట్టుకుని చూసింది. “ఇది మన వల దారమే. సముద్రంలో సేపకి మనింటి దారం ఎలాగొచ్చినాది? పోగులు నువ్వే ఎట్టీసినావు.”

ఆరేళ్ల పిల్ల. నెలకోసారి కాపీ కొట్టి దొరికిపోయే కాలేజీలో చదివాను నేను. ఇంత చక్కగా ఎవరూ నన్ను పట్టుకోలేదు.

అక్క నన్ను చూసింది. ‘రెండూ ఒకటే కదేటి’ అన్న చూపు అది. చేప తేలేదు, కాబట్టి ఒట్టు ప్రకారం నేనిప్పుడు అక్కకీ బావకీ అమ్మకీ పాతికమంది వియ్యాలవారికీ అడ్డంగా నిలబడి ఈ చెవుల్ని కాపాడాలి. లేకపోతే, కాకిని చూపించి మాట దాటెయ్యాలి. కాకి కోసం పైకి చూశాను కూడా. అవసరానికి ఒక్కటీ లేదు.

“అవును,” అన్నాను. “నేనే పెట్టాను. రాత్రి పెట్టాను. అమ్మ తీసి ఉప్పులో వేసింది. చేప ఏం తేలేదు. నాకంత మ్యాజిక్కు రాదు.” నల్లచొక్కాలో ఈ మాట చెప్పడం ఇంకా కష్టం. “నీకిష్టం లేకపోతే కుట్టరు. ఒట్టేశాను కదా, ఎవరినీ ముట్టుకోనివ్వను.”

“ఒరే!” అంది అక్క.

“ఒట్టేశానక్కా.”

మేనకోడలు చేతిలో దారం వదిలేసింది. తర్వాత, ఒక రోగికి సంగతి మెల్లగా చెప్పే డాక్టరులా చెప్పింది. “గింజ సంగతి కూడా నాకు తెలుసు మావయ్యా. నువ్వు కాకిని సూడమంటావు. అప్పుడు గింజ జేబులో ఏసీసుకుంటావు.”

“ఎప్పటి నుంచి తెలుసు?”

“మొదటినించీ.”

“మరి ఎప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వు బాధపడతావనీసి.”

ఆరు నెలలు! ఆరు నెలలుగా నేను మ్యాజిక్కు చేస్తున్నాననుకున్నాను. మ్యాజిక్కు చేస్తున్నది అది. నన్ను మెజీషియన్‌గా చూపించింది, ఒక్కసారి కూడా దొరకలేదు.

బావ నవ్వు ఆపుకోలేక తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. “బామ్మర్దీ, నిన్ను ఉప్పులో ఏసీయాల్రా ఇంక!”

మేనకోడలు కంసాలి తాత వైపు తిరిగింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. “తాతా, నొప్పెడతాదా?”

“నెప్పి పెట్టదమ్మా, సీమ కుట్టినట్టు ఉంటాది,” అన్నాడాయన, అలవాటు కొద్దీ.

అది నా వైపు తిరిగింది. “మావయ్యా, నువ్వు సెప్పు.”

“నొప్పి పెడుతుంది,” అన్నాను. “అంటే, పెడుతుందనే అనుకుంటున్నాను. నాకు కుట్టలేదు.”

ఈ చివరి వాక్యం నేను అనకుండా ఉండాల్సింది.

“అయితే ముందు నీకు కుట్టమను,” అంది. “నీకు ఎంత నొప్పెడతాదో సూసీసి, అప్పుడు సెప్తాను.”

ముందు బావ చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ. నా మ్యాజిక్కుకి కూడా అంత గట్టిగా కొట్టలేదు. మా అమ్మ, నన్ను కన్నతల్లి, గరిటె పక్కన పెట్టి నేను కూర్చోవడానికి పీట తెచ్చింది. కంసాలి తాత ముఖంలో ఆ పొద్దున మొదటిసారి వెలుగు కనిపించింది. నేను కరవనని ఆయనకి నమ్మకం.

జేబులోంచి గిల్టు పోగు ఒకటి తీసి ఇచ్చాను. ఆ జేబులోనే ఉంది, గింజల పక్కన. బంగారం పోగు కొస సూదిలా సానపెట్టి ఉంటుంది, దాంతోనే కుట్టేస్తారు. గిల్టుదానికి ఆ సౌకర్యం లేదు. అందుకని ముందు సూదితో పొడిచి, తర్వాత ఇది తొడగాలన్నాడు తాత. ఆయన పెట్టెలోంచి తీసిన సూది నాకు వలలు అల్లే సూదంత కనిపించింది. చెవికి సిరా చుక్క పెట్టాడు.

“తాతా, ఒక్క నిమిషం...”

“ఏటి బాబూ?”

“ఏం లేదు. ఒక్క నిమిషం.”

మేనకోడలు వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. చిన్న చెయ్యి, ఉప్పు ఉప్పుగా ఉంది. “భయపడకు మావయ్యా,” అంది. ఉన్నట్టుండి ఆకాశం వైపు వేలు చూపించింది. “అదుగో! ఇమానం!”

మా భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని అప్పటికి రాళ్లు పాతి వెళ్లారు. రాళ్లు వచ్చాయి, విమానం రాలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన విషయం, అందరికన్నా ఎక్కువగా దాని మీద జోకులు వేసే మనిషిని నేను. అయినా చూశాను. మెడ రిక్కించి, నోరు తెరిచి, నిజంగా వెతికాను.

చెవిలో నిప్పు పడింది.

ఆ కేక సముద్రం దాకా వెళ్లిందని మా వీధి వాళ్లు అంటారు. వాళ్లది అతిశయోక్తి. పడవల దాకా వెళ్లింది, అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగినవి ఆగకుండా బయటికి కూడా వచ్చాయి. మేనకోడలు నా ముఖాన్ని దగ్గరగా, పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది. నేను ఏడవడం ఆపేదాకా ఆగింది. దానికి కొంచెం సమయం పట్టింది.

“సచ్చిపోనేదు కదా?” అంది.

“లేదు.”

“ఇంకా నొప్పెడతన్నాదా?”

“పెడుతోంది. తగ్గుతోంది.”

అది లేచి, పరికిణీ సర్దుకుని, వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఎవరూ దాన్ని పిలవలేదు. నేను పట్టుకోలేదు. రెండు చేతులూ గాల్లో పెట్టి అందరికీ కనిపించేలా ఉంచాను. మ్యాజిక్కులో కూడా మోసం లేదని చూపించడానికి చేతులు అలాగే పెడతారు.

“విమానం చూడమంటావా?” అన్నాను.

“వొద్దు,” అంది. “నాను తాతనే సూస్తాను.”

చూసింది కూడా. దాని చూపు కదల్లేదు. మొదటి చెవికి పళ్లు బిగించింది. రెండో చెవికి పళ్లు నా ముంజేతి మీద బిగించింది. తాత ఊపిరి పీల్చుకుని, వేళ్లు పదీ లెక్క చూసుకున్నాడు. బావ ముఖం తిప్పుకుని తొట్టిలో ఉప్పు సరిచేస్తున్నాడు. ఆ తొట్టిలో సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. తాజా వంజరం మధ్యాహ్నం పులుసైంది. నిన్నటి వంజరం మళ్లీ ఉప్పులోకి వెళ్లింది, ఎలాంటి గౌరవ మర్యాదలూ లేకుండా.

సోమవారం పొద్దున్న నా చెవి వంకాయ రంగుకి తిరిగింది. గిల్టు నాకు పడలేదు. అమ్మ పసుపు, నూనె రాస్తూ, “నీ ఒంటికి మంచి సరుకు ఎలాగూ పడదు, సెడ్డ సరుకు కూడా పడలేదేట్రా?” అంది. మేనకోడలి చెవులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. గడపలో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ ముందు నా చెవి చూపించి, తర్వాత తనవి చూపిస్తోంది.

మధ్యాహ్నం బావని రైలెక్కించడానికి విజయనగరం బయల్దేరాం. పిల్లని అమ్మ దగ్గర వదిలేద్దామని అక్క అనుకుంది, ఎలాగూ రైలు పేరెత్తితే రాదు కదా అని. ఆటో ఎక్కబోతుంటే అది వచ్చి నా చొక్కా పట్టుకుంది.

“మావయ్యా, ఎల్లేది రైలు కాడికేనా?”

“రైలు దగ్గరికే.”

“కంసాలి తాత ఉండడు కదా?”

“ఉండడు.”

“ఇంకేటైనా సూపిస్తారా?”

“లేదు. ఒట్టి రైలే. నాన్న ఎక్కుతాడు, వెళ్లిపోతుంది. అంతే.”

నా ముఖంలోకి చూసింది, చేప కన్ను చూసినట్టు. తర్వాత ఆటో ఎక్కి నా పక్కన కూర్చుంది.

ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చి ఆగినప్పుడు అది ముఖం తిప్పుకోలేదు. ఇంజను నుంచి మొదలుపెట్టి వరసగా పెట్టెలన్నీ చూసింది, మూడేళ్ల బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు. బావ కిటికీలోంచి చెయ్యి చాపి దాని చెవుల పోగులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకున్నాడు. నాతో, “సెవి జాగర్తరా,” అన్నాడు. రైలు కూత వేసింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బండి కదిలింది. అక్క కళ్లు నిండి, ఇక జారిపోతాయనగా, మేనకోడలు అక్క చీర గట్టిగా లాగింది.

“అమ్మా! అటు సూడు! ఇమానం!”

అక్క గబుక్కున పైకి చూసింది.

నేనూ చూశాను, రెండోసారి.